ఏడుపు తీసేసి చెప్పిన కథ

మా తెలుగు టీచరమ్మ పోయింది. ఆ కబురు ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను మార్కాపురంలో, మా కాలేజీలో, ఇంటర్ పిల్లలకు కథానిక లక్షణాలు చెబుతున్నాను. వస్తువు, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ అని బోర్డు మీద రాసి, దృష్టికోణం దగ్గరికి వచ్చాను. మామూలుగా క్లాసులో ఫోన్ ఎత్తను. ఆ రోజెందుకో ఎత్తాను. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, సగంలో ఆపిన మాట పూర్తిచేసి, దాని కింద గీత గీశాను. గీత ఆగాల్సిన చోట ఆగలేదు, బోర్డు అంచుదాకా పోయింది. ముందు బెంచీ అమ్మాయి "దాని కింద ఏమన్నా రాస్తారా మేడమ్?" అని అడిగింది.

ఏమీ రాయలేదు. బయటికొచ్చి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. కూర్చుందామంటే కాళ్ళు ఊరుకోలేదు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. అటెండరు మంచినీళ్ళు తెచ్చిస్తే తాగకుండా గ్లాసు పట్టుకునే తిరిగాను. సాయంత్రానికి మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండా సందేశాలు. "గొప్ప మనిషి", "దేవతలాంటి టీచరు", "ప్రభువునందు నిద్రించారు". నాకు ఒళ్ళు మండింది. ఆమె నిద్రపోయే మనిషేనా? క్లాసులో ఏనాడైనా కుర్చీలో కూర్చుందా?

నిజంగానే కూర్చునేది కాదు. కుర్చీ ఆమె బ్యాగు కోసం. ఆమె మాత్రం బెంచీల మధ్య తిరుగుతూనే ఉండేది. చాక్‌పీసు రెండుగా విరిచి ఒక ముక్క చేతిలో, ఇంకో ముక్క కొప్పులో పెట్టుకునేది. బస్సెక్కితే దిగాల్సిన ఊరికి ముందు ఊరి నుంచే లేచి డోరు దగ్గర నిలబడేది. కండక్టరు "ఇంకా రాలేదమ్మా" అంటే, "వస్తది గదా నాయనా" అనేది.

మా ఊరు పెద్దారవీడు దగ్గర. మాది గొర్రెల ఇల్లు. ఆమెది పక్క ఊరు. అమ్మానాన్నలు మిరపచేలల్లో కూలికి పోయి ఆమెను చదివించారు. తండ్రి వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. ఆమెకో అక్క ఉంది. నేను ఆ అక్కను పెద్దమ్మ అని పిలుస్తాను. ఇద్దరివీ ఒకే వీధిలో ఇళ్ళు. టీచరమ్మ గురించి చెప్పాలంటే ఈ పెద్దమ్మ గురించి చెప్పకుండా కుదరదు, కానీ ముందు తొమ్మిదో తరగతి సంగతి చెప్పాలి.

కథానిక లక్షణాలు గైడులో వరసగా ఉండేవి. మేం వాటిని ఎక్కాల మాదిరి బట్టీపట్టి వచ్చాం. ఆమె వస్తూనే "గైడు మూయండి" అంది. నా వైపు చూసింది.

"నువ్వు లెయ్. ఈ మధ్యన మీ ఇంట్లో ఏం జరిగింది?"

"మా పొట్టేలు తప్పిపోయింది టీచర్. దొరికింది." చెప్పేసి కూర్చోబోయాను.

"ఎవురు కూర్చోమన్నారు నిన్ను? తప్పిపోయింది, దొరికింది. మధ్యలో ఏంది?"

"వెతికినాం టీచర్. నేనూ, మా నాయన."

"మీ నాయనకు ఆ పొట్టేలు ఎందుకు గావాల?"

"తిరునాళ్ళకు మొక్కుకున్నారు. కోయాల."

"మరి నీకు?"

తల దించుకున్నాను. ఆ పొట్టేలు తల్లి ఈనగానే చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది నేనే. అది నా వెనకే తిరిగేది. "నాకు దొరక్కపోతే బాగుండు అనిపించింది టీచర్" అన్నాను.

ఆమె తిరగడం ఆపింది. "ఇదిగో, ఇప్పుడు మొదలైంది కథ" అంది. "నాయనకు దొరకాల. బిడ్డకు దొరక్కూడదు. ఇద్దరూ ఒకే కొండకు పోయి ఒకే పొట్టేలును వెతుకుతుండారు. మీ గైడులో సంఘర్షణ అని రాసింది దీన్నే. సంఘర్షణంటే కొట్లాట అనుకోబాకండి. ఈళ్ళిద్దరూ ఒక్క మాట గూడ అనుకోలా." తర్వాత నన్నడిగింది. "ముందర ఎవురికి కనపడింది?"

"నాకే టీచర్. చెట్టు చాటుకు తప్పుకున్నా. అదే నన్ను చూసి అరుచుకుంటా పరిగెత్తుకొచ్చింది."

ఆమె కుర్చీ మీది బ్యాగు తీసి కింద పెట్టి కూర్చుంది. క్లాసులో ఆమె కూర్చోగా నేను చూసింది ఆ ఒక్కరోజే. కాసేపటికి, "ముగింపు మనం తెచ్చి అతికించేది గాదు. మధ్యలోనించి అదే నడిచి వస్తది" అంది. అది నా పొట్టేలు గురించి అన్నదో కథల గురించి అన్నదో అప్పుడు నాకు తెలియలేదు. ఇంటికి పోయి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. తిరునాళ్ళలో ఆ పొట్టేలును కోశాక నేను ఏడవడం అదే మొదలు. కథంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఇవాళ నేను బోర్డు ముందు నిలబడుతున్నానంటే ఆ ప్రశ్నల వల్లే. ఆ రుణం తీరేది కాదు.

ఎవరి కథ? వాళ్ళకేం కావాలి? అడ్డమేంది? అప్పట్లో ఆమెవి ఈ మూడు ప్రశ్నలే. ఏం రాసుకుపోయినా ఈ మూడూ అడిగేది. నాలుగోది ఆ తర్వాత వచ్చింది.

మా క్లాసులో చర్చికి పోయే పిల్లలు రాసిన కథలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒకడు తాగుతాడు, పెళ్ళాన్ని కొడతాడు, ఒక రోజు ప్రార్థనకు వెళ్తాడు, మారిపోతాడు. చర్చిలో లేచి నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటారు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి వింటున్నది అదే, అందుకే వాళ్ళ కథలూ ఆ దారినే పోయేవి. కష్టం, కన్నీళ్ళు, మేలు, స్తోత్రం. మా గొర్రెలకాపరుల ఇళ్ళ పిల్లలం మాత్రం తక్కువ తిన్నామా? ఎట్లా ముగించాలో తెలియనప్పుడల్లా కింద 'నీతి' అని రాసి గీత కొట్టేవాళ్ళం. ఆమె అందరినీ కలిపి వాయించేది. "మారిపోయినాడని ఒక్క ముక్కలో రాస్తారేంది? మా చిన్నాయన మారినాడు. మారేలోపల మా చిన్నమ్మను ఎంత ఏడిపించినాడో నాకు తెలుసు. అది రాయండి. దేవుడు చూసుకుంటాడులే అని మీరు మధ్యలో నిద్రపోబాకండి."

అంత తెలిసిన మనిషే ఆ తప్పు చేసింది. అందుకే ఆ తప్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను పదో తరగతిలో ఉండగా ఆమెకు మండలంలో సన్మానం జరిగింది. ఆ మరుసటి ఆదివారం వాళ్ళ సంఘం వాళ్ళు కూడా చర్చిలో శాలువా కప్పారు. మా అమ్మా నేనూ వెళ్ళాం. ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది. "ఈ శాలువా నాది గాదు, మా అక్కది" అంది. "ఇంట్లో ఇద్దర్నీ చదివించే స్తోమత లేకపోతే మా అక్క నా కోసం బడి మానుకుంది. నేను కూలికి పోతా, నువ్వు చదువుకో చెల్లీ అనింది. తన చదువు నాకిచ్చింది." ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నలువైపులా స్తోత్రం, స్తోత్రం అన్నారు. సంఘపెద్దల బెంచీ మీద ఆమె తండ్రి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. మా అమ్మ కూడా ముక్కు చీదింది. సరిగ్గా అప్పుడు పెద్దమ్మ లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. "ఎంత వినయమో చూడండి" అన్నారు పాస్టరు అయ్యగారు మైకులో.

అది వినయం కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. నేనూ టీచరమ్మా మార్కాపురం బస్సులో పక్కపక్కన కూర్చుని పోతున్నాం. మీ అక్క బాగుందా టీచర్ అని మాటవరసకు అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పుకొచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం శాలువా పట్టుకుని అక్క ఇంటికి పోయిందట. అక్క శాలువా ముట్టుకోలేదట.

"మానుకుంది అంటివి. ఎవురే మానుకున్నది?" అని అడిగిందట పెద్దమ్మ. "నన్ను మాన్పించినారు. నాయన చెయ్యి పట్టుకొని ఈడ్చుకొచ్చినాడు. నేను ఎంత ఏడ్చినానో నీకు తెల్దా? గడపలో నిలబడి చూస్తాంటివి గదా. అంతా చెప్పినావు, ఏడుపు తీసేసి చెప్పినావు."

"తప్పు చెప్పినా అక్కా" అని ఏడ్చిందట టీచరమ్మ.

"నాకు చెప్పేదేంది? ఆడ చెప్పినావు. ఆడ్నే చెప్పు."

ఆ రోజు నుంచి పెద్దమ్మ ఆమెతో మాట్లాడలేదు. చర్చిలో, అదే మనుషుల ముందు, ఆ కథను సరిచేసి చెప్పేదాకా మాట్లాడనంది. మరి ఎందుకు చెప్పలేదు టీచర్ అని అడిగాను. చెప్పొద్దూ, కొంచెం గట్టిగానే అడిగాను.

"నాయన బతికుండె. సంఘపెద్దాయె. అందరి ముందర ఆయన్ని దోషిని జెయ్యలేకపోయినా" అంది. "ఆయన పోయినాక రెండుమూడుసార్లు లేసినా. మా అక్క అనేతలికే జనం కళ్ళు తుడుచుకుంటారు అమ్మాయ్. కూలోళ్ళ ఇంట్లో ఒకరు చదువుకున్నారంటే, ఇట్ల జరిగిందని చెప్పుకొనేది వాళ్ళకు ఇష్టం. వాళ్ళ పిల్లోళ్ళకు గూడ చెప్పుకుంటారు. దాన్ని నా నోటితో ఇరగ్గొట్టలేక కూర్చున్నా." మళ్ళీ తనే అంది. "అబద్ధం చెప్పాలని లేచింది గాదు నేను. చెప్తా ఉంటే అదే అట్ల వచ్చింది. సాక్ష్యానికి అట్లయితేనే బాగుంటది."

ఇంతలో మార్కాపురం చాలా దూరంలో ఉండగానే లేచి డోరు దగ్గరికి పోయింది.

ఆమె నాలుగో ప్రశ్న ఆ సాక్ష్యం నుంచే వచ్చింది. ఎవరు చెప్తుండారు? పుస్తకాల్లో దృష్టికోణమని, కంఠస్వరమని పేజీలకు పేజీలు రాస్తారు. ఆమె ఆ నాలుగో ప్రశ్నను రిటైరయ్యేదాకా ప్రతి క్లాసులోనూ అందరికన్నా ముందు అడిగేది. అది పాఠం కాదనీ, మానని పుండు అనీ పిల్లలకు తెలియదు.

ఒకసారి మా కాలేజీ పిల్లల్ని శ్రీశైలం డ్యామ్ చూపించడానికి తీసుకెళ్తూ ఆమెను కూడా రమ్మన్నాను. దోర్నాలలో టీకి ఆగాం. హోటల్లో ఒకామె ఎదురుగా టీ గ్లాసు పెట్టుకుని, తాగకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. టీ మీద మీగడ కూడా కట్టింది. చూడండర్రా, నేపథ్యమంటే ఇదీ, రోడ్డూ బస్సులూ యాత్రికులూ, మధ్యలో ఈమె, అని నేను మొదలుపెట్టాను. పిల్లలు రెచ్చిపోయారు. మొగుడు వదిలేసి పోయాడన్నారు ఒకరు. కొడుకు కోసం చూస్తోందన్నారు ఇంకొకరు. టీచరమ్మ కూడా ఉండబట్టలేక, "చెక్‌పోస్టు కాడ ఎవుర్నో పట్టుకొనుంటారు, ఈమె మొగుడే అయ్యుంటాడు" అంది. అని, వెంటనే నాలిక కరుచుకుని, లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఏమ్మా, టీ సల్లారిపోయె?"

"పన్ను నొప్పి వదినా. ఏడిది తాగలేను. సల్లారనీ అని కూర్చున్నా."

టీచరమ్మ తిరిగొచ్చి నవ్వలేక చచ్చింది. "చూసినారా, నేను ఆమె మొగుణ్ణి పోగొట్టినా. ఆమెకు పొయ్యేది పన్ను" అంది. పిల్లలు డ్యామ్ దాకా అదే చెప్పుకుని నవ్వారు. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. "అడిగితే పొయ్యేదేం లేదు గదా అమ్మాయ్" అని నాతో నెమ్మదిగా అంది. అది పంటి సంగతి కాదని నాకు తెలుసు.

పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాళ్ళు పూర్తిగా పోలేదు. గోడ పట్టుకుని ఇంట్లో తిరుగుతూనే ఉండేది. చూడడానికి వెళ్ళిన రోజు పెద్దమ్మ అక్కడే ఉంది. రోజూ వచ్చి జావ తాగించి పోతుందని కొడుకు చెప్పాడు. కళ్ళారా చూశాను. ఒకామెకు మాట రాదు, ఇంకొకామె మాట్లాడదు. పెద్దమ్మ స్పూనుతో పోస్తుంటే టీచరమ్మ చెయ్యెత్తి చర్చి వైపు చూపించింది. తన నోరు చూపించుకుంది. మళ్ళీ చర్చి వైపు చూపించింది. పెద్దమ్మ ఆమె మూతి తుడిచి, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక బస్టాపు దాకా గబగబా నడిచాను.

ఆమె పోయాక ఆదరణ కూటం పెట్టారు. చనిపోయిన వాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి సంఘమంతా కూడి, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకునే కూటం అది. అదే చర్చి ముందు. ఆమె కొడుకు గిద్దలూరులో కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. మంచి పిల్లవాడు. "అక్కా, నువ్వు మాట్లాడాల. పెద్దమ్మ త్యాగం గురించి బాగా చెప్పు. అమ్మ పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది అదే గదా" అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. వాళ్ళమ్మా పెద్దమ్మా మాట్లాడుకోకపోవడం ఏదో ఇంటి స్థలం తగాదా అనుకున్నాడు పాపం.

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. నిజం చెబితే? టీచరమ్మ చేయలేకపోయిన పని నేను చేసినట్టవుతుంది. కానీ అప్పుడు కూడా పెద్దమ్మ కథను ఇంకెవరో చెప్పినట్టే కదా. చెప్పకుండా ఊరుకుంటే? ఆ త్యాగం కథే చివరి మాటగా మిగిలిపోతుంది. టీచరమ్మ మీద కోపం వచ్చింది. నాలుగు ప్రశ్నలూ నేర్పి, అన్నిటికన్నా కష్టమైనదాన్ని నా నెత్తిన పెట్టి పోయింది కదా అనిపించింది. ఉండబట్టలేక పెద్దమ్మ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"పెద్దమ్మా, కూటంలో నన్ను మాట్లాడమన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పనా?"

"అప్పుడు నువ్వు యాడుండావు?"

"పుట్టలేదు."

"మరి ఏం జెప్తావు?"

"అయితే నువ్వే చెప్పు పెద్దమ్మా."

"నేనేనాడన్నా మైకు ముందర నిలబడినానా?" అంది. తల ఎత్తలేదు. ఘాటుకు నాకు తుమ్ములు మొదలయ్యాయి. "పో, ఈడ కూర్చోబాక, కళ్ళు మండుతాయి" అంది.

కూటం రోజున షామియానా నిండా జనం. ఒక పక్క వంటలవుతున్నాయి. లేచినవాళ్ళందరూ ఆమె మంచి మనిషి అన్నారు, ప్రార్థనాపరురాలన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. పచ్చి అబద్ధం, మమ్మల్ని రోజూ అనేది. ఇట్లాంటి పొగడ్తలు మా కథల్లో కనిపిస్తే ఆమె పేజీకి అడ్డంగా గీత కొట్టేది. "మంచోడు, మంచోడు, సచ్చిపోయినాడు. ఇది కథ గాదు, సమాధి రాయి" అనేది. తర్వాత రిటైరైన హెడ్మాస్టరుగారు లేచి, వాళ్ళ అక్కగారి త్యాగమే లేకపోతే ఈ టీచరే లేదని గద్గదంగా చెప్పారు. స్తోత్రం అన్నారు అందరూ. ముందు వరసలో పెద్దమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

నా పేరు పిలిచారు. మైకు పట్టుకున్నాక, సిద్ధం చేసుకున్నదంతా ఎటో పోయింది.

"టీచరమ్మ మాకు నాలుగు ప్రశ్నలు నేర్పింది" అన్నాను. "ఎవరి కథ, వాళ్ళకేం కావాలి, అడ్డమేంది, ఎవరు చెప్తుండారు. ఇప్పుడు మీరు విన్న కథ టీచరమ్మ ఇక్కడే చెప్పింది. తప్పు చెప్పానని తర్వాత నాతో అంది. ఇక్కడే సరిచేయాలని చాలాసార్లు లేచింది, చేతకాక కూర్చుంది. ఆ కథ నాది కాదు, నేను చెప్పను. చెప్పాల్సిన మనిషి మీ ముందరే ఉంది."

మైకు తీసుకుని పెద్దమ్మ వైపు నడిచాను. వైరు సరిపోలేదు. ఆమెకు కాస్త దూరంలోనే ఆగిపోవాల్సి వచ్చింది. చెయ్యి చాపి నిలబడ్డాను. కొడుకు కుర్చీలోంచి సగం లేచి నా వైపు ఏందక్కా అన్నట్టు చూశాడు. అయ్యగారు "అమ్మా, సమయం" అని గొణిగారు. పెద్దమ్మ నన్ను చూడలేదు. కొంగు నోటి మీదే ఉంది. రాదనుకున్నాను. చెయ్యి గుంజుతోంది, దించడానికి మనసొప్పలేదు.

ఆమె లేచి వచ్చి మైకు తీసుకుంది. నోటికి మరీ దగ్గర పెట్టుకుంటే అది కీచుమంది.

"నాకు ఇట్ల మాట్లాడేది రాదు" అంది. "మా చెల్లెలు మంచిదే. దాన్నేమీ అనబాకండి. గానీ నేను బడి మానుకోలా. నన్ను మాన్పించినారు. నాకు బడంటే పానం. ఇద్దర్నీ చదివించేదానికి లేదు, ఒకరు చాలన్నాడు మా నాయన. నేను పెద్దదాన్ని, కూలికి పనికొస్తా. అంతే. నాయన చెడ్డోడు గాదు, ఆయనకు మాత్రం యాడుంది దారి? గానీ నేను ఇయ్యలా. నా దగ్గర్నించి తీసుకున్నారు. నా పలక దానికిచ్చినారు. దాని మీద నా పేరు రాసుకొనుంటి. నా ముందర్నే తడిచేత్తో తుడిచినారు. వీధంతా ఇనపడేటట్టు ఏడ్చినా. మీలో పెద్దోళ్ళు కొందరు ఇనే ఉంటారు."

వెనక వరసలో ఒక ముసలాయన తల దించుకున్నాడు.

"ఈడ్నే సరిగ్గా చెప్పమన్నా దాన్ని. చెప్తా చెప్తా అనె. నేను మాట్లాడితే ఇంక చెప్పకుండ తప్పించుకుంటదని మాట్లాడేది మానుకున్నా. అదొక్కటి మాత్రం నేనే మానుకున్నా. ఇప్పుడు అది లేదు. కోపం అట్లనే ఉంది. యాడ బెట్టుకోవాల దీన్ని?"

ఎవరూ స్తోత్రం అనలేదు. కొడుకు మొహం చేతుల్లో దాచుకున్నాడు. అయ్యగారు ముందుకొచ్చి, దేవుడు ఆదరించును గాక అంటూ మైకు కోసం చెయ్యి చాపారు. ఆ మాటతో కూటం అయిపోయిందనుకుని వంటవాళ్ళు మూతలు తీశారు. వెనకవాళ్ళు అన్నాలకు లేచారు.

"కూర్చోండి. ఇంకా అయిపోలా" అంది పెద్దమ్మ. "అది బడికి పోయిన మొదటి రోజు చెప్పాల. పలక ఎత్తుకొని పోతా ఉంటే, తల దువ్వుకోకుండ ఎట్ల పోతావే అని నేనే పిలిచినా. నాకు ఏడ్చి ఏడ్చి ముక్కు కారతానే ఉంది. మోకాళ్ళ మధ్యన కూర్చోబెట్టుకొని జడ ఏసినా దానికి. ఇట్ల…"

ఎట్లాగో చూపించడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. మైకు చంకలో పెట్టుకుంది. చిన్నపిల్ల తల ఉండే ఎత్తులో, గాలిలో, పాయలు తీసి ఒకదాని మీద ఒకటి వేసి అల్లడం మొదలుపెట్టింది. నోరు కదులుతూనే ఉంది, మైకులోకి మాత్రం ఒక్క మాట పోవడం లేదు. లేచినవాళ్ళు వినపడక, కుర్చీలు చేత్తో ఎత్తుకుని ముందుకొచ్చి ఆమె చుట్టూ వేసుకున్నారు. పెద్దమ్మ ఎవరినీ చూడటం లేదు. జడ చివరిదాకా అల్లి, కొస జారిపోకుండా ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, రిబ్బను కోసం కుడిచెయ్యి పక్కకు చాపింది.